కింది గదిలో పాత కార్పెట్

ఊరికే ఇస్తానన్న వస్తువుకి కూడా బేరమాడే మనిషిని మీరు చూసి ఉండరు. నేనే ఆ మనిషిని. ఇరవై రెండేళ్ళు జర్మనీలో ఒక బావ్‌మార్క్ట్‌లో పని చేశాను. మేకు దగ్గర్నుంచి తలుపు దాకా ఇంటికి కావలసినవన్నీ అమ్మే పెద్ద దుకాణం అది. అందులో నాది కార్పెట్ల విభాగం. రోలు తిప్పి, కొలిచి, వంకీ కత్తితో కోసి ఇవ్వడం నా పని. రెండేళ్ళ కిందట రిటైరయ్యాను.

ఈమధ్య మన పిల్లలు ఇక్కడ పాత ఇళ్ళు కొంటున్నారు. వారాంతాల్లో భార్యాభర్తలిద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని నేలలు గీకుతున్నారు. చూస్తే ముచ్చటేస్తుంది. ఎక్కడ కలిసినా, "ఆంటీ, మా కెల్లర్‌లో పాత కార్పెట్ పడుంది, వాడుకోవచ్చా?" అని అడుగుతారు. కెల్లర్ అంటే నేలమాళిగ. వాడుకోవచ్చో లేదో ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ ఆ ఒక్క మాట నాకెలా తెలిసిందో చెబితేగాని మీకు గుర్తుండదు. అందుకని సిగ్గు విడిచి మొత్తం చెబుతున్నాను.

మాది చీరాల. నాన్నది బట్టల కొట్టు, పెదనాన్నది బట్టల కొట్టు, మేనమామది వాటికెదురుగా ఇంకో బట్టల కొట్టు. నడక వచ్చీ రాకముందే మీటరు బద్ద పట్టుకున్నదాన్ని. గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపితే అది ఎన్ని ఉతుకులకి నిలుస్తుందో చెప్పగలను. మా ఆయనకి బ్యోబ్లింగెన్‌లో కంప్యూటర్ ఉద్యోగం వచ్చి, పిల్లలు బళ్ళో పడ్డాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఈ పనికి వెళ్ళాను. మేనేజరు, "కార్పెట్ల గురించి ఏమైనా తెలుసా?" అని అడిగాడు. బల్ల మీదున్న నాలుగు ముక్కలూ నలిపి, "ఈ మూడోది ఆరు నెలల్లో బొచ్చు రాలుస్తుంది," అన్నాను. ఆ మూడోదాని మీద అప్పటికే ఫిర్యాదులున్నాయట. ఉద్యోగం ఇచ్చాడు.

ఇచ్చినందుకు మొదటి నెలలోనే పశ్చాత్తాపపడి ఉంటాడు. ఒక ముసలాయన వచ్చి, "ఇది ఎంత?" అని అడిగితే, అలవాటు చొప్పున, "మీరెంతిద్దామనుకుంటున్నారు?" అన్నాను. పక్కనే ఉన్న మేనేజరు ముఖం సున్నం కొట్టినట్టయింది. ఈ దేశంలో ధర చీటీ మీద రాసి ఉంటుంది. ఆ చీటీ చెప్పిందే వేదం. బేరం లేని కొట్లో ఇరవై రెండేళ్ళు నిలబడటమంటే ఈత వచ్చినవాణ్ణి గట్టు మీద నిలబెట్టడమే. అందుకని ఆ నీళ్ళేవో కొట్టు బయట వెతుక్కునేదాన్ని.

మా విభాగం తరఫున ఇళ్ళకీ ఆఫీసులకీ వెళ్ళి కార్పెట్లు పరిచే మనిషి ఒకాయన ఉండేవాడు. అరవైకి దగ్గర పడ్డవాడు, ఆ ప్రాంతపువాడు. ముప్ఫై అయిదేళ్ళు మోకాళ్ళ మీద పని చేసి చేసి, మెట్లెక్కేటప్పుడు ఒక చేత్తో గోడ, ఒక చేత్తో నడుము పట్టుకునేవాడు. మాట పొదుపు. పదకొండేళ్ళు పక్కపక్కన పనిచేసినా నన్ను ఇంటిపేరుతోనే పిలిచేవాడు, "మీరు" అనే అనేవాడు. ఇక్కడ అది దూరం కాదు, మర్యాద. నేను తెచ్చిన పులిహోర మాత్రం ఏ మర్యాదా లేకుండా గిన్నె అడుగు దాకా తినేవాడు.

ఇక అసలు సంగతి. ఆరేడేళ్ళ కిందట ఒక శనివారం. నా కౌంటరు ముందు ఒక కుర్ర జంట నిలబడి గుసగుసలాడుకుంటోంది.

"గింత రేటా? మీటర్‌కు చూడు ఎంతున్నదో," అంటోంది అమ్మాయి.

"నువ్వు నడువు. ఆన్‌లైన్ల చూద్దాం," అంటున్నాడు అబ్బాయి.

"మీటరుకు కాదమ్మా, చదరపు మీటరుకు. ఇంకా భయపడు," అన్నాను తెలుగులో.

ఇద్దరూ ఉలిక్కిపడి, తర్వాత పగలబడి నవ్వారు. అయిదు నిమిషాల్లో కథంతా తెలిసిపోయింది. వాళ్ళది కరీంనగర్ వైపు. అబ్బాయి ఇక్కడ కార్ల కంపెనీలో ఇంజనీరు. అమ్మాయి అక్కడ ఆరేళ్ళు బళ్ళో టీచరు. పెళ్ళయి వచ్చాక ఆ సర్టిఫికెట్లు ఇక్కడ పనికిరాలేదు. అయిదేళ్ళుగా ఖాళీ. భాష నేర్చుకుంది, పరీక్షలు రాసింది, కీటాలకి, అంటే పసిపిల్లల బడులకి, అర్జీలు పెట్టింది. చివరికి టాగెస్‌ముటర్ కోర్సు పూర్తి చేసింది. కీటాలో చోటు దొరకని చిన్నపిల్లల్ని మన ఇంట్లోనే పెట్టుకుని పగలంతా చూసుకునే పని అది. అనుమతి ఇచ్చేది పిల్లల సంక్షేమం చూసే సర్కారు ఆఫీసు, యూగెంట్‌అమ్ట్. వాళ్ళు ఇంటికొచ్చి గది చూడాలి. ఆ టెర్మిన్, అంటే వాళ్ళిచ్చిన తేదీ, ఆరు వారాల్లో ఉంది.

"ముగ్గురు పిల్లల అమ్మానాన్నలు ఒప్పుకున్నరు ఆంటీ. ఈ టెర్మిన్ పోతే మళ్ళీ ఎన్ని నెలలకు దొరుకుతదో. వాళ్ళు అన్ని నెలలు ఆగరు కదా," అంది అమ్మాయి. ఆ మాట అంటూ కార్పెట్ అంచుని వేళ్ళతో మెలిపెడుతోంది. పీచు ఊడి చేతికొచ్చింది. చూడనట్టు మీటరు బద్ద తీసి పక్కన పెట్టాను.

వాళ్ళు కొన్న పాత ఇల్లు కొండవాలులో ఉంది. వీధి వైపు నుంచి చూస్తే కింది గది భూమిలో ఉంటుంది. వెనక్కి వెళ్ళి చూస్తే తోటకి సమంగా, పెద్ద గాజు తలుపుతో, బోలెడు వెలుతురుతో ఉంటుంది. ఆ గదిని పిల్లలకి సిద్ధం చేస్తున్నారు. గోడలకి రంగు అబ్బాయే వేశాడు. "యూట్యూబ్ల చూసిన ఆంటీ, మస్తు ఈజీ," అన్నాడు. అతని జుట్టులో రంగు ఇంకా ఉంది. నేల మాత్రం ఉత్త కాంక్రీటు. పిల్లలు పాకే నేల కదా, మెత్తగా ఏదైనా కావాలి. ఇల్లు కొన్నాక ఏ కుర్రజంట దగ్గరైనా ఏం మిగులుతుంది?

ఆ వారమే మా పరిచే ఆయన ఒక వకీలు ఆఫీసులో పాత కార్పెట్ తీసి కొత్తది వేశాడు. పాతది వ్యానులో చుట్టి పడుంది. చెయ్యి పెట్టి చూశాను. ఉన్ని కలిసిన నేత, గట్టి అడుగు, మంచి ముదురాకు రంగు. ఎక్కడా మరక లేదు. జిగురు పెట్టకుండా అంచుల్లో బిగించి పరిచింది కనక చిరగకుండా ఊడి వచ్చింది.

"ఇంత మంచిదాన్ని ఎందుకు తీయించారు?" అన్నాను.

"కొత్త యజమానికి ఆకుపచ్చ నచ్చలేదు," అన్నాడాయన. "చెత్తకి పోతోంది. కావాలా? తీసుకోండి, ఊరికే."

ఊరికే అన్నాడు కదా, ఇంకెవరైనా అయితే దణ్ణం పెట్టి తీసుకుంటారు. నేనేమన్నానో తెలుసా? "చెత్తకి పంపడానికి మీకు ఖర్చవుతుంది కదా. అది నేను తప్పిస్తున్నాను. మరి నాకేంటి?" అన్నాను. చివరికి కార్పెట్‌ని ఆ ఇంటి దాకా వ్యానులో దింపడానికీ, కింద పరిచే మెత్తటి పొర ఒక రోలు ఇవ్వడానికీ ఒప్పుకున్నాడు. బదులుగా రెండు గిన్నెల పులిహోర. చీరాలలో మా మేనమామ ఉంటే లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాడు.

దింపుతూ ఆయన ఒకే ఒక్క జాగ్రత్త చెప్పాడు. "ముందు ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించండి. వెనక గోడ దగ్గరే అంటించండి, అది మట్టికి ఆనుకున్న గోడ. మూడు రోజులు ముట్టుకోవద్దు. తర్వాత తీసి చూడండి. కాంక్రీటు నల్లబడినా, షీటుకి చెమట పట్టినా, కార్పెట్ వేయొద్దు."

శుక్రవారం సాయంత్రం షీటు అంటించాం. శనివారం పొద్దున్నే నేను అక్కడున్నాను. అబ్బాయికి ఆ శని, ఆదివారాలే తీరిక. ఆదివారం ఇక్కడ సుత్తి చప్పుడు చేస్తే పక్కింటివాళ్ళు ఊరుకోరు. అంటే మిగిలింది ఆ ఒక్క శనివారమే. కొట్లో పుట్టినదాన్ని, నా లెక్క నాకుంది. ఎవరైనా మూడు అన్నారంటే రెండు చాలని అర్థం. రెండు చాలితే ఒకటి సరిపోతుంది. చెప్పిన ధర ఎవరైనా ఇస్తారా?

"ఆంటీ, మూడు దినాలు అన్నడు కదా ఆ సారు," అంది అమ్మాయి.

"ఆయన అలాగే అంటాడమ్మా. జాగ్రత్త మనిషి. లేపి చూద్దాం, తడి ఉంటే ఆపేద్దాం."

లేపాం. పొడిగా ఉంది. నా అంతటి తెలివైనది లేదనుకున్నాను. ఇంతకీ నేను బేరమాడింది ఎవరితో? కాంక్రీటుతో. అది మొహమాటపడి తగ్గించే రకం కాదని అప్పుడు తోచలేదు. పైగా కార్పెట్‌ని పిండి పిసికినట్టు పరీక్షించానే గాని, అది పడే నేల సంగతి పట్టించుకోలేదు. బట్ట చూసి ఒళ్ళు చూడని దర్జీ పని.

సాయంత్రానికి గది నిండా ముదురాకుపచ్చ పచ్చిక పరిచినట్టయింది. మూలల్లో నేనే కోశాను. గోడకీ కార్పెట్‌కీ మధ్య వెంట్రుక దూరదు. మిగిలిన పెద్ద ముక్కని చుట్టి గరాజ్‌లో పెట్టాం. అమ్మాయి చెప్పులు విప్పి, ఉత్త పాదాలతో ఈ మూల నుంచి ఆ మూలకి నడిచింది. "మంచిగున్నది ఆంటీ. నాకే పండుకోవాలనిపిస్తుంది," అంది. ఆ రోజు ఇంటికి పాట పాడుకుంటూ వెళ్ళాను.

తర్వాత ఎండలు ముదిరాయి. "గాలి ఆడనీ అమ్మాయ్, కొత్త రంగు వాసన పోతుంది. తలుపులన్నీ తీసి పెట్టు," అని ఫోన్లో సలహా కూడా పారేశాను. మన ఊళ్ళో చెమ్మ పోవాలంటే అంతే కదా, తలుపులు తీసి ఎండ రానివ్వడం. పాపం ఆ పిల్ల పొద్దున ఎనిమిదికి తీసి రాత్రికి మూసేది.

టెర్మిన్ తొమ్మిది రోజులుందనగా ఫోన్ చేసింది.

"ఆంటీ, కింద ఏదో వాసనొస్తుంది."

"ఎలాంటి వాసన?"

"మా ఆయన ఏం రాదంటుండు. నాకు మాత్రం తడి గోనెసంచి వాసనొస్తుంది."

ఆ వాసన నాకు తెలుసు. ముసురు పట్టిన వారం తర్వాత కొట్టు షట్టరు ఎత్తితే మొదట ముక్కుకి తగిలేది అదే. ఆ సాయంత్రం పని అవగానే మా పరిచే ఆయన్ని బతిమాలి వెంటబెట్టుకుని వెళ్ళాను.

ఆయన గోడ దగ్గర మూల పట్టుకుని లేపాడు. కింద పొర మీద బూడిద రంగు బూజు. దాని మధ్య నల్లటి చుక్కలు, ఆవాలు చల్లినట్టు. కాంక్రీటు చెమటోడుతోంది. ఆయన తెరిచి ఉన్న గాజు తలుపు చూపించి, "పగలంతా ఇలాగే ఉంటుందా?" అన్నాడు. అమ్మాయి తలూపింది. "వేసవిలో కెల్లర్ తలుపు పగలు తీయకూడదు. వేడిగాలి వచ్చి చల్లటి నేలకి తగిలితే నీరవుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు. తెల్లవారుజామున తీయాలి, ఎండెక్కకముందే మూయాలి," అన్నాడు. అంటే కింద నుంచి మట్టి తడి, పైనుంచి గాలి తడి. మధ్యలో నా కార్పెట్. పైతడి నా సలహాయే.

అప్పుడు నావైపు తిరిగాడు. "షీటు ఎన్ని రోజులుంచారు?"

"మూడు," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. నోరు దానంతట అదే అంది. అమ్మాయి నా ముఖం చూసింది, తర్వాత నేల చూసింది. పెద్దదాన్నని ఊరుకుంది.

ఆయన కాంక్రీటు మీద అరచెయ్యి ఆనించాడు. "మూడు రోజులకి కనబడలేదంటే తప్పు నాదే. వారం అని చెప్పాల్సింది," అన్నాడు. ఆ నేల మింగేస్తే బాగుండుననిపించింది. మింగలేదు. అందులో ఉన్నది తడే గాని దయ కాదు.

తర్వాత నాలుగు సాయంత్రాలు ఆయన పని ముగించుకుని, ఆ మోకాళ్ళతో, అక్కడికి వచ్చాడు. ఒక్క పైసా అడగలేదు. కార్పెట్ మొత్తం లేపి చుట్టాడు. తోట వైపు సగం పొడిగానే ఉంది. "ఆ సగమైనా ఉంచుకుందాం," అని బేరం పెట్టాను. "ఈ నేలని తాకిన అంగుళం కూడా పిల్లల కిందకి రాదు," అన్నాడు. నా ఉద్యోగ జీవితంలో నేను పూర్తిగా ఓడిపోయిన బేరం అదొక్కటే. గోడ కడిగాడు, నేల కడిగాడు, ఎక్కణ్ణుంచో తెచ్చిన గాలి ఆరబెట్టే యంత్రం పెట్టాడు. గరాజ్‌లో చుట్టి పెట్టిన ముక్క మాత్రం కొత్తగానే ఉంది. దాన్ని నేను మధ్యాహ్నం భోజన విరామాల్లో రెండు గుండ్రటి చాపలుగా, ఒక పొడుగు చాపగా కోసి, మా దుకాణం అంచు కుట్టే యంత్రం మీద చుట్టూ కుట్టాను. పరిస్తే పరచొచ్చు, ఎత్తితే ఎత్తొచ్చు. కింద గాలి ఆడుతుంది. మొదట్నుంచీ చేయాల్సింది అదే.

టెర్మిన్ రోజు వచ్చింది. సెలవు పెట్టుకుని పొద్దున్నే వెళ్ళాను. నేల చాలావరకు ఆరింది. వెనక గోడ దగ్గర మాత్రం పళ్ళెమంత నల్లమరక ఇంకా చెమ్మగా ఉంది. మా కొట్లో చిరుగున్న చీరని చిరుగు లోపలికి పోయేట్టు మడతపెట్టి చూపించడం నాకు ఏడేళ్ళకే వచ్చు. పొడుగు చాప తెచ్చి ఆ మరక మీద వేశాను. దాని మీద చెక్కబొమ్మలు సర్దాను. వాసన పోవడానికి గదిలో సాంబ్రాణి వేశాను. అమ్మాయి మెట్ల మీద నిలబడి అంతా చూస్తోంది.

"ఆంటీ, ఇట్ల చెయ్యొచ్చా?"

"పది నిమిషాలు చూసి పోతుందమ్మా ఆవిడ. తర్వాత నిదానంగా ఆరబెట్టుకుందాం. ముందు కాగితం చేతికి రానీ."

అంతలో మా పరిచే ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన జుట్టు. పని బట్టల్లో తప్ప ఎప్పుడూ చూడని మనిషి. "నేల గురించి అడిగితే నేనే చెబుతాను. నా సలహా మీద వేశారు కదా," అన్నాడు.

ఆఫీసు ఆవిడ సైకిలు మీద వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. హెల్మెట్ చేత్తో పట్టుకునే కిందికి దిగింది. ప్లగ్గుల మూతలు చూసింది, మెట్ల దగ్గర అడ్డు గేటు చూసింది, తలుపు గాజు తట్టి చూసింది. అన్నిటికీ తలూపుతూ కాగితం మీద టిక్కులు పెడుతోంది. తర్వాత గాలి పీల్చింది.

"మా అమ్మమ్మ ఊరి చర్చిలో వేసే ధూపంలా ఉందే ఇక్కడ," అంది.

నేను నవ్వేశాను. ఇంకెవరూ నవ్వలేదు. ఆవిడ పొడుగు చాప దగ్గర వంగి అంచు తాకింది. "చక్కగా కుట్టారు," అంది. కలం తీసింది. అయిపోయింది, గెలిచాం అనుకున్నాను.

"ఆంటీ, నాతోని కాదు," అంది అమ్మాయి తెలుగులో, మెల్లగా. అని ముందుకొచ్చి, బొమ్మలు పక్కకి జరిపి, చాప ఎత్తేసింది. జర్మన్‌లో చెప్పింది: "ఇక్కడ తడి ఉంది. ఇంకా ఆరలేదు. కార్పెట్ వేస్తే బూజు పట్టింది, తీసేశాం. మీకు చెప్పకుండా ఇక్కడ పిల్లల్ని కూర్చోబెట్టలేను."

ఎత్తిన చాపని చుట్టి పక్కన పెట్టింది.

ఆఫీసు ఆవిడ మరక చూసింది, వేలితో తాకింది. "ఈ గదికి నేను అనుమతి ఇవ్వలేను," అంది. ఆవిడ వెంట దిగివచ్చిన అబ్బాయి మెట్ల మీద కూర్చుండిపోయాడు.

మా పరిచే ఆయన ముందుకొచ్చాడు. "తప్పు ఈ అమ్మాయిది కాదు. నేను చెప్పిన పరీక్ష చాలలేదు. మూడు రోజులన్నాను..."

"ఒక్క రోజు," అన్నాను. అందరూ నావైపు తిరిగారు. నా జర్మన్ మామూలుగానే కుంటుతుంది, ఆ రోజు పాకింది. "ఈయన మూడు రోజులు చెప్పాడు. నేను ఒక్క రోజుకే తీయించాను. ఈయనతో అబద్ధం చెప్పాను. ఇప్పుడు ఈ చాప వేసింది, పొగ వేసింది కూడా నేనే. ఈ అమ్మాయి అప్పుడే అనుమానపడింది."

ఆఫీసు ఆవిడ ముగ్గుర్నీ చూసింది. "తప్పు ఎవరిదో రాయడానికి నా కాగితంలో చోటు లేదు," అంది. "పిల్లలు ఎక్కడ ఆడుకుంటారో రాయడానికే ఉంది. ఇంకో గది ఉందా?"

అమ్మాయి, అబ్బాయి ముఖాలు చూసుకున్నారు. "పైన హాలుంది. కానీ అది..."

పైకెళ్ళాం. దక్షిణం వైపు మూడు కిటికీలు. నేల మీద పొడి చెక్క, దాని మీద ఎండ. ఆ ఎండంతా ఏడుగురు కూర్చునే తోలు సోఫా మీద పడుతోంది. మధ్యలో గాజు బల్ల. గోడవార అద్దాల బీరువాలో పెళ్ళి కానుకలు.

"ఈ గది ఎవరిది?" అందావిడ.

"గెస్టులది," అంది అమ్మాయి.

"ఎన్నిసార్లు వస్తారు?"

అమ్మాయి ఆలోచించింది. "దసరాకు. మా ఆయన పుట్టినరోజుకు."

"మీరిద్దరూ ఎక్కడ కూర్చుంటారు?"

"వంటింట్ల."

ఆవిడ ఎండలో నిలబడి గదంతా ఒకసారి కలియజూసింది. మాకు ముగ్గురికీ, నాకైతే మరీ, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మన ఇళ్ళలో వెలుతురున్న గది ఎప్పుడూ రాని చుట్టాలదే. పిల్లల్ని నేలమాళిగలో పెట్టడానికి నెలా పదిహేను రోజులు చెమటోడ్చాం గాని, సోఫా జరిపితే చాలని ఒక్కరికీ తోచలేదు. ఆవిడ కలం తీసి, "వచ్చే వారం ఇదే రోజు వస్తాను. గాజు బల్ల కనబడకూడదు," అంది. వెళ్తూ గుమ్మం దగ్గర అమ్మాయితో, "చాప ఎత్తి చూపించినవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు," అని చెయ్యి కలిపింది.

వ్యాను దగ్గర మా పరిచే ఆయన నన్ను ఆపాడు. తిట్టు పడుతుందని నిలబడ్డాను.

"నిజంగా ఒక్క రోజేనా?"

"ఒక్క రోజు కూడా కాదు. శుక్రవారం సాయంత్రం అంటించి శనివారం పొద్దున తీశాం."

ఆయన వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టాడు. తర్వాత వ్యాను తలుపుకి ఆనుకుని, మోకాళ్ళు పట్టుకుని నవ్వాడు. పదకొండేళ్ళలో ఆ నవ్వు వినలేదు. "మూడు రోజుల్ని పద్నాలుగు గంటలకి తెచ్చారా! మా దేశంలో ఇంత తగ్గింపు ఎవరూ ఇవ్వరు," అన్నాడు. మర్నాడు దుకాణంలో నన్ను మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు. అబద్ధం బయటపడ్డాక దగ్గరైన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. ఆయనకి ఇప్పుడు రెండు మోకాళ్ళూ మార్చారు. నెలకోసారి పులిహోర పట్టుకెళ్తాను. గిన్నె ఖాళీగానే తిరిగొస్తుంది.

ఇక మీరడిగిన ప్రశ్నకి జవాబు. పాత కార్పెట్ వాడుకోవచ్చు, భేషుగ్గా వాడుకోవచ్చు. అది ఎక్కడ బతికిందో కనుక్కోండి, తిరగేసి చూడండి, వాసన చూడండి. కెల్లర్‌లో అయితే గోడ నుంచి గోడకి పరవకండి, అంచు కుట్టిన చాపలుగా చేసుకుని అప్పుడప్పుడు ఎత్తి చూడండి. షీటు మూడు రోజులంటే మూడు రోజులు. ఇంత చిన్న సంగతి నేర్చుకోవడానికి నాకు ఇద్దరి మంచితనం ఖర్చయింది. ఒకరు తనది కాని తప్పుని మోయడానికి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. ఇంకొకరు అయిదేళ్ళు ఎదురుచూసినదాన్ని పణంగా పెట్టి చాప ఎత్తారు. ఇద్దరూ నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే తేలికగా ఉండేది.

మరుసటి వారం అనుమతి వచ్చింది. సోఫా సగం ధరకి పోయింది. ఆ బేరం నన్ను చేయనివ్వలేదు. గుండ్రటి చాపలు రెండూ పైన ఎండలో పరిచాం.

మొదటి బిడ్డ వచ్చిన సోమవారం, డ్యూటీకి వెళ్ళే ముందు దారిలో ఆగాను. ఏడాదిన్నర పిల్లాడు, బుగ్గలు ఎర్రగా, తల్లి కాలిని చుట్టుకుని వదలడం లేదు. తల్లి గడియారం చూసుకుంటోంది. అమ్మాయి కొంచెం దూరంలో చాప మీద కూర్చుని, ఒక చెక్క మీద ఇంకో చెక్క పెట్టడం మొదలుపెట్టింది. నాలుగోది పెట్టేసరికి పిల్లాడు కాలు వదిలాడు. అయిదోది వాడే తెచ్చి పెట్టాడు. తల్లి చప్పుడు చేయకుండా తలుపు వేసుకుని వెళ్ళిపోయింది.

నేను గుమ్మంలోనే నిలబడ్డాను. చాప అంచు ఒక చోట కొంచెం లేచినట్టుంది. సరిచేద్దామని వంగబోయాను. అమ్మాయి తలెత్తింది. పిల్లాడు అప్పటికే ఆమె ఒళ్ళోకి ఎక్కుతున్నాడు.

"మీరింక పోండి ఆంటీ," అంది మెల్లగా, వాడు ఉలిక్కిపడకుండా. "నాకు పనున్నది."